మైనం ఖాళీ చేసిన చోటు



ఈ పాలిటెక్నిక్‌లో మాస్టారి స్మృతిలో మాట్లాడమని కబురు వచ్చినప్పుడు విషయం కోసం నేను ఎక్కువ వెతుక్కోలేదు. ఆయన మా మొదటి క్లాసుకి ఏం పట్టుకొచ్చారో ఈ హాల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చేతిలో పుస్తకం లేదు. ఒక చెక్క అచ్చు, ఒక కాగితప్పొట్లం నిండా పంచదార చిలకలు ఉన్నాయి. పెళ్లిళ్లలో పళ్లేల్లో పెట్టి తెచ్చే చిలకలే. ఉత్తర తెలంగాణలో హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు కూడా ఆ చిలకల కుటుంబానివే. తలా ఒక చిలక ఇచ్చి, నోట్లో వేసుకునే ముందు తిప్పి చూడమన్నారు.

"వీపు మీద సన్నగా ఒక గీత ఉంది, చూశారా? రెండు చెక్కలూ కలిసిన చోటు అది. అడుగున చిన్న గుంట ఉంది, చూశారా? పాకం పోసిన చోటు అది. ఆ గీత ఎందుకొచ్చిందో, ఆ గుంట ఎందుకు పడిందో చెప్పగలిగితే ఫౌండ్రీ పని సగం వచ్చినట్టేరా" అన్నారు.

మిగతా సగం కోసం నేను నా ఉద్యోగ జీవితమంతా ఫౌండ్రీల్లో తిరిగాను. ఇన్నేళ్ల తర్వాత చూసుకుంటే ఆ మిగతా సగం కూడా ఆ గీతలోను, ఆ గుంటలోను ఉందనిపిస్తోంది. ఈ రోజు ఆ రెండింటి గురించే చెబుతాను.

ముందు గీత సంగతి.

ద్రవానికి సొంత ఆకారం లేదు. పోసిన పాత్ర ఆకారమే దాని ఆకారం. కానీ దానికి సొంత పరిమాణం ఉంది. లీటరు పాలు చెంబులో పోసినా గిన్నెలో పోసినా లీటరే. వాయువుకి ఈ రెండో గుణం లేదు, ఎంత చోటిస్తే అంతా ఆక్రమిస్తుంది. అందుకే ఆవిరితో బొమ్మ పోయలేం. ఘనానికి ఆకారమూ ఉంది, పరిమాణమూ ఉంది, రెండింటినీ పట్టుకుని కూర్చుంటుంది. పోత అంటే ఈ రెండు స్వభావాలనూ ఒకదాని తర్వాత ఒకటి వాడుకోవడం. ద్రవంగా ఉన్నంతసేపు అది మన మాట వినాలి, ఘనమయ్యాక ఆ మాట మీద నిలబడాలి.

ఇంతవరకు హైస్కూలు పాఠమే. ఆ పాఠం చెప్పని సంగతి ఒకటుంది. ఈ రెండు స్థితుల మధ్య తేడా ఎంత కొంచెమో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. అల్యూమినియం కరిగితే దాని పరిమాణం 6, 7 శాతం పెరుగుతుంది. రాగి 5 శాతం దాకా, ఇనుము 3, 4 శాతం. అంతే. పరమాణువులు దాదాపు అంత దగ్గరగానే ఉన్నాయి. బడిలో ప్రార్థనకి వరుసల్లో నిలబడ్డ పిల్లలు గంట కొట్టగానే వరుసలు విడిచి అదే ఆవరణలో కలగాపులగంగా తిరుగుతారు చూడండి, ఆవరణ వైశాల్యమేమీ పెద్దగా మారదు, క్రమం ఒక్కటే పోతుంది. ఆ క్రమం పోయినందుకే, రైలు బరువు మోసే ఉక్కు గరిటెలోంచి జారే ద్రవమవుతుంది.

ఎలా జారుతుంది? కరిగిన ఇనుము తేనెలా సాగుతుందనుకునేవాళ్లు ఎక్కువ. తేనె నీటికంటే వేల రెట్లు చిక్కన. కరిగిన ఇనుము స్నిగ్ధత నీటి స్నిగ్ధతకు ఐదారు రెట్లకు మించదు. పైగా నీటికంటే ఏడు రెట్లు బరువు. ఆ బరువు దాన్ని ముందుకు తోస్తుంది కాబట్టి అచ్చులో అది ఇంచుమించు నీళ్లు పారినట్టే పారుతుంది. ప్రతి మూలకీ వెళ్తుంది. రెండు చెక్కల మధ్య వెంట్రుకవాసి సందున్నా తొంగి చూస్తుంది. చిలక వీపు మీది గీత అదే. అచ్చు చేసినవాడి వేలిముద్ర మట్టిలో ఉండిపోతే, కంచు దాన్ని కూడా దాచుకుంటుంది.

ఘనం కూడా ఆకారం మార్చుకోదా అని అడగవచ్చు. మార్చుకుంటుంది. జనగామ దగ్గర పెంబర్తి పనివాళ్లు ఇత్తడి రేకును సుత్తితో కొట్టి కొట్టి దేవుడి ప్రభావళి తీస్తారు. అది ఘనం గుణం మీద ఆధారపడ్డ గొప్ప పని. కానీ అక్కడ ప్రతి మలుపుకీ ఒక దెబ్బ కావాలి. పోతలో ఆ కష్టమంతా అచ్చు చేసేటప్పుడే పడతాం. లోహం వచ్చేసరికి దాని చోటు సిద్ధంగా ఉంటుంది.

ఆ చోటు సిద్ధం చేయడంలో మనిషి చూపిన తెలివికి నేను చూసిన మంచి సాక్ష్యం కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలం ఉషేగావ్‌లో ఉంది. అక్కడి ఓజా కుటుంబాలు గోండుల పూజలకు కావలసిన గంటలు, దీపాలు, నెమళ్లు, దేవతామూర్తులు ఇత్తడితో పోస్తాయి. ఆదిలాబాద్ డోక్రాగా ఆ పనికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఓజా అన్న పేరు వింటే నాకు మన తెలుగులో గురువుకున్న ఒజ్జ అన్న మాట గుర్తొస్తుంది. అక్కడ కూర్చుని చూసిన రెండు రోజులూ నేను విద్యార్థినే.

ముందు మట్టితో లోపలి దిమ్మ చేస్తారు. అది ఎండాక తేనెమైనాన్ని సన్నని దారాలుగా లాగి దాని చుట్టూ చుడతారు. నెమలి ఈకలైనా, గంట మీది అల్లికైనా ఆ మైనపు దారంతోనే. దాని మీద మొదట మెత్తని మట్టి పూత, అది ఆరాక గరుకు మట్టి. మెత్తని మట్టి మైనం మీది ప్రతి గీతనూ పట్టుకుంటుంది, గరుకు మట్టి గాలిని బయటికి పోనిస్తుంది. తర్వాత నిప్పుల్లో కాలుస్తారు. మైనం కారిపోతుంది, మిగిలింది కాలిపోతుంది. మైనం ఖాళీ చేసిన చోటికి కరిగిన ఇత్తడి వస్తుంది. చల్లారాక మట్టి పగలగొడతారు. ఒక అచ్చుకి ఒకే బొమ్మ. రెండు బొమ్మలు ఒకేలా ఉండే అవకాశమే లేదు. చిలక వీపు మీది గీత కూడా ఇక్కడ ఉండదు. అచ్చు రెండు ముక్కలు కానేకాదు మరి.

ఈ పని ఎందుకు సాధ్యమైందో కాస్త నిలబడి చూడండి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. చేతి వేడికి మెత్తబడుతుంది గాని కరగదు, అందుకే వేళ్లతో మలచవచ్చు. ఇత్తడి, అందులో జింకు పాలును బట్టి, 900 డిగ్రీలకు అటూఇటూగా కరుగుతుంది. కాలిన మట్టి ఆ వేడికి చలించదు. మూడు పదార్థాలు, మూడు మెట్లు. మైనం మొదటి మెట్టు మీదే కరిగిపోవాలి, ఇత్తడి రెండో మెట్టు మీద, మట్టి మూడో మెట్టు దాకా నిలబడాలి. ఈ వరుసలో ఏ ఒక్కటి తారుమారైనా పోత లేదు. ఒక పదార్థం కరిగే వేడిలో ఇంకొకటి ఘనంగా నిలవగలగడం మీదే ఈ విద్య మొత్తం ఆధారపడింది. పంచదార చిలకకు చెక్క అచ్చు చాలింది. ఇత్తడికి మట్టి కావలసి వచ్చింది. (పంచదార చిలక పూర్తిగా లోహం లాంటిది కాదనీ, అక్కడ పాకంలోంచి పంచదార స్ఫటికాలుగా బయటికొచ్చి గడ్డకడుతుందనీ మాస్టారే ఆ రోజు హెచ్చరించారు. ఆ తేడా చెప్పకుండా వదిలేస్తే ఆయన ఊరుకోరు.)

ఈ పద్ధతి వయసు ఎక్కువ. మొహంజొదారోలో 1926లో దొరికిన నాట్యగత్తె కంచు బొమ్మ ఎత్తు పదిన్నర సెంటీమీటర్లు. అది మైనపు అచ్చు పోతే. గుంటూరు ప్రాంతంలో 1870లో కాలువ తవ్వుతుంటే బయటపడి, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న బుద్ధపాద కంచు విగ్రహాలు కూడా మన పోత పనివాళ్ల చేతి చలవే. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో ఈ పని వివరంగా ఉంది. అందులో ఒక లెక్క నాకు చాలా ఇష్టం. అచ్చు కట్టే ముందు మైనపు బొమ్మను తూచమంటాడు. ఇత్తడికైనా రాగికైనా ఆ తూకానికి పదింతలు, వెండికైతే పన్నెండింతలు లోహం తీసుకోమంటాడు. ఇప్పుడు మన సాంద్రతల పట్టిక తీయండి. మైనం సాంద్రత నీటికంటే కాస్త తక్కువ, 0.96. రాగిది 8.9, వెండిది 10.5. భాగిస్తే రాగికి 9.3, వెండికి 10.9 వస్తాయి. పోసే దారిలో మిగిలిపోయేదానికి కాస్త చేర్చితే పది, పన్నెండు. ద్రవం తన పరిమాణాన్ని విడవదు, మైనం ఎంత చోటు ఖాళీ చేసిందో లోహం అంతే చోటు నింపుతుంది అన్న సూత్రం తక్కెడ మీద పెట్టి చూపించిన లెక్క ఇది. మన తొమ్మిదో తరగతి పుస్తకంలో సాంద్రత పాఠం ఈ లెక్కతో మొదలుపెడితే ఎంత బాగుంటుంది!

ఇక మెట్ల సంగతి చెబుతూ ఇనుమును దాటిపోలేం. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మంచి తిత్తులుంటే బొగ్గుల కొలిమి ఆ వేడి అందుకుంటుంది. స్వచ్ఛమైన ఇనుము 1538 డిగ్రీల దాకా కరగదు. మన పూర్వపు కమ్మరి కొలిమి అంత ఎత్తుకు వెళ్లలేదు. అందుకే ఖనిజం నుంచి ఇనుము కరగకుండానే స్పంజి ముద్దలా వచ్చేది, దాన్ని సుత్తితో కొట్టి చిట్టెం పిండేవాళ్లు. ఢిల్లీ ఇనుప స్తంభం పోత పోసింది కాదు, అలాంటి ముద్దలను కొట్టి అతికించి నిలబెట్టింది. ఆరు టన్నులకు పైగా బరువు! చైనాలో మాత్రం క్రీస్తు పూర్వమే పోత ఇనుము వచ్చేసింది. కిటుకు బొగ్గులో ఉంది. ఇనుములో నాలుగు శాతం పైన కార్బన్ కలిస్తే అది 1150 డిగ్రీల చుట్టుపక్కలే కరిగిపోతుంది. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పనివాళ్లు ఆ దారిలోనే మరో మలుపు తిరిగారు. మూసలో ఇనుమునూ కార్బన్ ఇచ్చే పదార్థాన్నీ పెట్టి మూసి కరిగించి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు ముద్దలు తీశారు. వాటి కోసం పర్షియా వ్యాపారులు అంత దూరం నుంచి వచ్చేవాళ్లు. కార్బన్ పాలు తక్కువైతే ముద్ద కరగదు, ఎక్కువైతే పెళుసు. ఆ మధ్య దారి పట్టుకున్నారు వాళ్లు.

మళ్లీ గీత దగ్గరికి వస్తాను. అంత సన్నని సందులోకి దూరే ద్రవం ఇసుక అచ్చులో ఎందుకు ఇంకిపోదు? చిన్నప్పుడు నన్ను వేధించిన ప్రశ్న ఇది. ఇసుక మీద చెంబెడు నీళ్లు పోస్తే క్షణంలో మాయం. అదే ఇసుకలో కరిగిన ఇనుము పోస్తే గిన్నెలో పోసినట్టు నిలబడుతుంది. కారణం తలతన్యత, ద్రవం పైముఖాన్ని బిగువైన చర్మంలా పట్టి ఉంచే గుణం. నీటి తలతన్యత మీటరుకు 0.07 న్యూటన్లు, కరిగిన ఇనుముది 1.8 దాకా. పైగా నీరు ఇసుక రేణువును తడుపుతుంది, ఇనుము తడపదు. నేల మీద జారిన పాదరసం బొట్లు బొట్లుగా దొర్లడం చూసి ఉంటారు. కరిగిన లోహం కూడా ఇసుక రేణువుల నడుమ సందుల ముందు అలాగే ఉబ్బి ఆగిపోతుంది. సందు వ్యాసార్ధం పదో వంతు మిల్లీమీటరు అనుకుని లెక్క వేస్తే, సుమారు అర మీటరు ఎత్తు ఇనుము బరువును ఆ చర్మం ఆపగలదు. అంతకంటే లోతైన అచ్చు అయితే ఇసుక ఇంకా సన్నంగా ఉండాలి, లేదా అచ్చు లోపలి ముఖానికి పూత వేయాలి. లేకపోతే లోహం ఇసుకలోకి చొరబడి, పోత మీద ఇసుక అంటుకుపోయి, ఉలికి లొంగని పెంకు కడుతుంది. ఏటి ఒడ్డు ఇసుకనూ కాస్త బంకమట్టినీ కాస్త నీటినీ కలిపి మనిషి ఇనుముకి అచ్చు కట్టగలిగాడంటే ఈ గుణం వల్లే.

ఆ ఇసుక సందులు ఉండి తీరాలి కూడా. లోహం వస్తుంటే అచ్చులో ఉన్న గాలి, తేమ నుంచి పుట్టే ఆవిరి వాటి గుండానే బయటికి పోవాలి. లోహం ఆగాలి, ఆవిరి పోవాలి. రెండు పనులూ అవే రంధ్రాలు చేస్తాయి. నీరు ఆవిరైతే పరిమాణం దాదాపు 1700 రెట్లు అవుతుంది. ఈ అంకె నేను పరీక్షలో చక్కగా రాశాను. దాని అర్థం ఉద్యోగంలో చేరిన తొలి వానాకాలంలో తెలిసింది. అది ఒక చిన్న ఫౌండ్రీ. ఇసుకలో తేమ చూసే పని ఆ రోజు నాది. నేను సరిగ్గా చూడలేదు. గరిటె వంచిన కొద్ది క్షణాల్లో అచ్చు ఉమ్మేసింది. నిప్పు తుంపరలు ఎగిరి, గరిటె పట్టుకున్న అన్న పాదం మీద పడ్డాయి. ఆయన మూడు వారాలు మంచం మీద ఉన్నాడు. ఆ తర్వాత ఏ ఫౌండ్రీకి వెళ్లినా నేను ముందు ఇసుకను గుప్పెట్లో పట్టి పిసికి చూస్తాను. ఇక్కడున్న పిల్లలు ఆ అంకెను కంఠస్థం చేసేటప్పుడు ఆ పాదాన్ని గుర్తు పెట్టుకోవాలని నా కోరిక.

ద్రవం గుణం ఇంకొకటి చెప్పి గుంట దగ్గరికి వెళ్తాను. ద్రవంలో మునిగినదాన్ని ద్రవం పైకి తోస్తుంది. నీళ్లలో ఈ తోపు మనకు హాయి. ఇనుములో అది భయంకరం. పంపు బాడీ లోపల బోలుగా రావాలంటే అచ్చులో ఇసుకతో చేసిన కోర్ పెడతాం. కరిగిన ఇనుము ఆ కోర్‌ను, దాని ప్రతి కిలో బరువుకీ మూడు కిలోలకు పైగా బలంతో పైకి తోస్తుంది. అందుకే కోర్‌ను మేకులతో, ఆనింపులతో బిగిస్తాం, అచ్చు పై పెట్టె మీద బరువులు పెడతాం. మర్చిపోతే పై పెట్టె లేస్తుంది, లోహం పక్కలనుంచి తప్పించుకుంటుంది. బోలు విగ్రహాల లోపలి మట్టి దిమ్మకు పూర్వకాలం శిల్పులు ఇనుప మేకులు గుచ్చిందీ దాన్ని కదలనివ్వకుండా పట్టి ఉంచడానికే.

ఇప్పుడు గుంట.

పేరిన నెయ్యి గిన్నెను గమనించారా? అంచుల దగ్గర ఎత్తుగా, నడుమ పల్లంగా ఉంటుంది. పోసినప్పుడు సమంగానే ఉంది. అంచులు ముందు పేరాయి. పేరుతూ కుదించుకున్నాయి. ఆ లోటు పూడ్చడానికి నడుమ ఉన్న ద్రవం అటు జరిగింది. చివరికి నడుమ పేరేసరికి దానికి ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు. గుంట పడింది. ఇందాక చెప్పిన 3 శాతం, 5 శాతం, 7 శాతం ఉన్నాయే, కరిగేటప్పుడు లోహం అప్పు తీసుకున్న ఆ చోటును గడ్డకట్టేటప్పుడు తిరిగి ఇచ్చేస్తుంది. ఆ ఖాళీ ఎక్కడో ఒకచోట తేలాలి. ప్రకృతిలో దీనికి మినహాయింపులు తక్కువ. నీరు గడ్డకడితే 9 శాతం పెరుగుతుంది, బిస్మత్ పెరుగుతుంది. మిగతా లోహాల్లో దాదాపు అన్నీ కుంచించుకునేవే.

గుంట పైకి కనిపిస్తే అదృష్టమే. చాలాసార్లు పై పొర ముందు గట్టిపడి మూత వేసేస్తుంది, ఖాళీ లోపల దాక్కుంటుంది. ఒకసారి మాస్టారు ఒక పెద్ద కప్పీ చక్రాన్ని క్లాసుకి తెప్పించారు. బయటికి అద్దంలా ఉంది. దాన్ని మా ఎదుటే నడిమికి కోయించారు. చువ్వలు ఇరుసు దిమ్మలో కలిసే చోట, లావుగా ఉన్న చోటల్లా, లోపల పుచ్చిపోయిన పన్నులా తొర్ర. చువ్వలు సన్నవి, ముందు గడ్డకట్టాయి. దిమ్మ లావు, చివరిదాకా ద్రవంగా ఉంది. అది ఆకలితో ఉన్నప్పుడు లోహం అందించే దారులన్నీ మూసుకుపోయాయి. "లావుగా ఉందని ధైర్యపడకండి. లావుగా ఉన్నచోటే చూడండి" అన్నారాయన. ఇంజనీర్లకు అంతకంటే పనికొచ్చే మాట నేను తర్వాత వినలేదు.

దీనికి విరుగుడు రైజర్. అచ్చు పక్కనో పైనో ఒక చిన్న బావి కట్టి దాన్ని కూడా లోహంతో నింపుతాం. పోత గడ్డకట్టేంతసేపు ఆ బావి ద్రవంగా ఉండి లోటు పూడ్చాలి, తాను అందరికంటే ఆఖరున గడ్డకట్టి, గుంటను తన మీద వేసుకోవాలి. తర్వాత దాన్ని కోసి మళ్లీ కొలిమిలో వేస్తాం. మరి అది ఆఖరున గడ్డకట్టేలా చూడడం ఎలా? పళ్లెంలో పరిచిన అన్నం ముందు చల్లారుతుందనీ, ముద్దగా ఉన్నది ఆలస్యంగా చల్లారుతుందనీ పసిపిల్లలకు తినిపించే ప్రతి అమ్మకీ తెలుసు. ప్లజెన్ నగరంలోని స్కోడా కర్మాగారంలో పనిచేసిన ఇంజనీరు ఖ్వోరినోవ్ 1940లో దాన్ని అంకెల్లో పెట్టాడు. పరిమాణాన్ని ఉపరితల వైశాల్యంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే, గడ్డకట్టే కాలం దానికి అనుపాతంలో ఉంటుంది. ఘనాకారపు దిమ్మ భుజం రెట్టింపైతే గడ్డకట్టే కాలం నాలుగింతలవుతుంది. రైజర్ పరిమాణం నిర్ణయించే లెక్కలకు ఈనాటికీ ఇదే పునాది. కంప్యూటర్లో రంగురంగుల బొమ్మలుగా కనిపించే గడ్డకట్టే దృశ్యాల వెనుక ఉన్నదీ ఈ వేడి లెక్కే.

గడ్డకట్టేటప్పుడు లోహం వేడిని కూడా తిరిగి ఇస్తుంది. కిలో రాగి గడ్డకట్టడానికి 205 కిలోజౌళ్లు వదలాలి. అంతా వదిలేదాకా స్వచ్ఛమైన లోహం ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా దిగదు. ఈ గుప్తోష్ణమే పోత పోసేవాళ్లకు దొరికే గడువు. అది లేకపోతే సన్నని అంచులు చేరేలోపే లోహం దారిలో ఆగిపోయేది. గట్టిపడ్డాక కూడా లోహం గది వేడికి దిగేదాకా కుదించుకుంటూనే ఉంటుంది. అందుకే నమూనాలు చేసే వడ్రంగి స్కేలు బజారు స్కేలు కంటే పొడుగు. మామూలు పోత ఇనుముకైతే మీటరుకు 10 మిల్లీమీటర్లు, ఉక్కుకైతే 20 మిల్లీమీటర్లు కలిపి గీసి ఉంటుంది.

పోత ఇనుము మాత్రం మనకు కొంత సాయం చేస్తుంది. అది గడ్డకట్టేటప్పుడు అందులోని కార్బన్ గ్రాఫైట్ రేకులుగా విడిపోతుంది. గ్రాఫైట్ తేలిక, ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఇనుము కుదించుకుంటుంటే గ్రాఫైట్ ఉబ్బుతూ ఆ లోటును చాలావరకు పూడుస్తుంది. లేత్ మిషన్ల బెడ్లు, పంపు బాడీలు, మ్యాన్‌హోల్ మూతలు ఇంత చవకగా రావడంలో ఈ సర్దుబాటుకి పెద్ద పాలుంది.

స్వచ్ఛమైన లోహం ఒక్క డిగ్రీ దగ్గర గడ్డకడుతుంది, మిశ్రలోహం అలా కాదు. పది శాతం తగరం ఉన్న కంచు 1000 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెట్టి, 850 డిగ్రీల దాకా దిగాక గాని ముగించదు. ఆ మధ్యంతా జావలా ఉంటుంది, సగం ద్రవం, సగం స్ఫటికాలు. ఈ జావ ఇటలీలో ఒక మహాశిల్పిని చావు అంచుదాకా తీసుకెళ్లింది. బెన్వెనూతో చెల్లీనీకి 1545లో ఫ్లోరెన్స్ పాలకుడు పెర్సియస్ విగ్రహం అప్పగించాడు. పోత రోజున ఆయన జ్వరంతో మంచమెక్కాడు. కొలిమిలో లోహం పేరుకుపోయిందని కబురొచ్చింది. లేచి పరుగెత్తి, ఓక్ కర్రలు వేయించి మంట పెంచాడు. అయినా పారడం లేదు. ఇంట్లోని తగరపు కంచాలన్నీ, దాదాపు రెండు వందలు, తెప్పించి వేయించాడు. లోహం పారింది, అచ్చు నిండింది. ఇదంతా ఆయన ఆత్మకథలో తానే రాసుకున్నాడు. తన గొప్ప కాస్త పెంచి చెప్పుకునే మనిషి కాబట్టి ప్రతి మాటా నమ్మనక్కర్లేదు. కానీ తగరం మాట నమ్మవచ్చు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, రాగిలో కలిస్తే అది కరిగే మెట్టును కిందికి దించుతుంది. ఆ విగ్రహాన్ని 1554లో ఆవిష్కరించారు. ఈనాటికీ ఫ్లోరెన్స్ చౌకులో నిలబడి ఉంది.

ఇంత పాత విద్య ఇప్పుడెక్కడుంది అని పిల్లలు అడుగుతారు. రెండు చోట్లు చూపిస్తాను, రెండూ మనవే. విశాఖ ఉక్కు కర్మాగారంలో ద్రవ ఉక్కును దిమ్మెలుగా విడివిడిగా పోయరు, నిరంతర పోత పద్ధతిలో అడుగులేని రాగి అచ్చులోకి పోస్తూ, కిందినుంచి గట్టిపడ్డ కడ్డీని లాగుతూ ఉంటారు. ఒకసారి ఆలోచించండి. ఉక్కు 1500 డిగ్రీల పైన ఉంది. రాగి 1085కే కరగాలి. అయినా అచ్చు నిలుస్తోంది! రాగి వేడిని అందుకున్నంత వేగంగా దాటించేస్తుంది, వెనుక పారే నీళ్లు దాన్ని మోసుకుపోతాయి. అచ్చును తాకిన ఉక్కు క్షణాల్లో పెంకు కట్టి, తనలోని ద్రవానికి తానే పాత్ర అవుతుంది. ఉషేగావ్‌లో మట్టి మూడో మెట్టు మీద నిలబడింది. ఇక్కడ మూడో మెట్టే లేదు, వేడి పారే వేగం ఆ పని చేస్తోంది.

రెండోది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయం. 2021 ఏప్రిల్‌లో వాళ్లు హెలికాప్టర్ ఇంజన్ కోసం అరవై టర్బైన్ బ్లేడ్లు పోసి హిందుస్తాన్ ఏరోనాటిక్స్‌కి అందించారు. ప్రతి బ్లేడూ ఒకే ఒక్క స్ఫటికం. మామూలు పోతలో లోహం వేలచోట్ల ఒకేసారి స్ఫటికాలు కడుతుంది, అవి పెరిగి ఒకదానికొకటి తగిలిన సరిహద్దులు ఎర్రటి వేడిలో బలహీనం. ఆ సరిహద్దులే లేకుండా చేయాలంటే వేడి ఒకే దిక్కుగా పోయేలా అచ్చును కొలిమిలోంచి నెమ్మదిగా దించాలి. అడుగున మెలితిరిగిన సన్నని దారి పెడతారు. ఎన్నో స్ఫటికాలు ఎక్కడం మొదలుపెట్టినా ఆ మెలిక దాటి ఒక్కటే పైకి వస్తుంది, బ్లేడు మొత్తం అదే పెరుగుతుంది. ఇక ఆ అచ్చు ఎలా చేస్తారంటారా? మైనంతో నమూనా చేసి, దాని మీద మెత్తని పింగాణీ పూత పూసి, పైన గరుకు పూత వేసి, కాల్చి, మైనాన్ని బయటికి పంపించి.

ఉషేగావ్ నుంచి కంచన్‌బాగ్‌కి ఒక్కరోజు ప్రయాణం. ఉషేగావ్‌లో ఆ పని చేసేవాళ్లను మనం చేతివృత్తులవాళ్లు అంటాం, కంచన్‌బాగ్‌లో శాస్త్రవేత్తలు అంటాం. రెండు పేర్లూ ఉండనివ్వండి. కానీ పాఠ్యపుస్తకంలో ద్రవీభవన స్థానం అన్న మాట పక్కన మంచుగడ్డ బొమ్మ ఒక్కటే ఉండడం, ఓజా ఇంటి పిల్లవాడు అదే బడిలో కూర్చుని తన తండ్రి రోజూ చేసే పనికీ ఆ పాఠానికీ సంబంధం ఉందని తెలియకుండానే పరీక్ష తప్పడం నాకు బాధ కలిగిస్తుంది. ఇది మనం సరిదిద్దగల తప్పు.

మాస్టారి చెక్క అచ్చు ఇన్నేళ్లుగా నా దగ్గర ఉంది. ఆయన పదవీ విరమణ రోజున నా చేతిలో పెట్టారు. ఈ రోజు దాన్ని ఈ పాలిటెక్నిక్ ఫిజిక్స్ ల్యాబుకి అప్పగిస్తున్నాను. దాన్ని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయకండి. పోసే ముందు నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే పాకం చెక్కకు అంటుకుంటుంది. ప్రతి సంవత్సరం మొదటి క్లాసులో చిలకలు పోయండి. తలా ఒకటి ఇచ్చి, తినే ముందు తిప్పి చూడమనండి.